ఉద్యోగం లేని టెర్రియర్ ఇంటికొస్తే

తెల్లారుజామున మా అవ్వ పండుకున్న చాప పక్కన చచ్చిన పందికొక్కును తెచ్చిపెట్టి, తోకాడించుకుంటా నిలబడింది పింకీ. ఆ రోజు మొదలైంది మా ఇంట్లో పంచాయితీ. అప్పటికి అది మా ఇంటికొచ్చి మూడు వారాలు. బెంగళూరులో ఎవరో పెంచి, ఇల్లు మారేటప్పుడు వద్దనుకుని వదిలేస్తే, కుక్కల్ని కాపాడే పిల్లోళ్లకు దొరికి, వాళ్ల దగ్గర రెండు నెలలుండి, అక్కడి నుంచి హైవే మీద నాలుగు గంటలు కార్లో వచ్చి అనంతపురం పాతూర్లో మా మిద్దె చేరిన జాక్ రసెల్ టెర్రియర్ క్రాస్ అది. వయసు ఐదో ఆరో, ఎవరికీ సరిగ్గా తెలీదు. బరువు ఏడు కిలోలు.

"వేటకుక్కను తెచ్చి నట్టింట్లో పెట్టుకుంటే ఇట్లే ఉంటాది, దాని పుట్టుకే అంత" అనింది అవ్వ. మా ఇంటామె ఏమో "పాపం అక్కడ కడుపుకు పెట్టినారో లేదో, ఆకలికి నేర్చుకున్నట్టుంది" అనింది. మా తమ్ముడు దూరంగా నిలబడి "పిచ్చిగిచ్చి ఏమన్నా ఉందేమో అన్నా, టీకా ఏయించినావా" అన్నాడు. మా నాయనది శెనక్కాయల వ్యాపారం, కింద గోడౌన్ నిండా మూటలు, ఆయన మాత్రం నిమ్మళంగా కాఫీ తాగుతా "కింద ఎలకల్ని, పైన ఎలకల కుక్కను పెట్టుకోని ఇంకేం జరగాలని చూస్తాండారు" అన్నాడు.

ఏడాదిన్నర దాంతో పడినాక నాకు తెలిసింది ఏందంటే ఆ నలుగురూ చెప్పింది నిజమే, కాకపోతే నలుగురివీ నాలుగు వేరే వేరే సంగతులు. పెద్ద వయసు కుక్క మనింటికొచ్చి ఒక పని చేస్తే అది జాతి గుణమైనా కావచ్చు, పాత ఇంటి గాయమైనా కావచ్చు, ఒంట్లో రోగమైనా కావచ్చు, లేదంటే మన ఇంటి ఏర్పాటే తప్పు కావచ్చు. ఈ నాలుగూ బయటికి ఒకే మాదిరి కనిపిస్తాయి, మొరుగుడు, తవ్వుడు, కరుచుడు, తినకపోవడం. జాతి గుణానికి దెబ్బలేసినా, రోగానికి ట్రైనింగ్ ఇచ్చినా, భయానికి "మొండిది" అని పేరు పెట్టినా కుక్క బాగుపడదు, మళ్లీ ఇంకో ఇంటికి పోతుంది. దత్తత తీసుకున్న టెర్రియర్లు వాపసు పోయేది చానా వరకు ఇక్కడే అని నా అభిప్రాయం.

ముందు అవ్వ మాట, పుట్టుక. టెర్రియర్ అనే పేరే లాటిన్‌లో భూమికున్న పేరు 'టెర్రా' నుంచి వచ్చింది, అంటే మట్టిలో దూరే కుక్క. ఇంగ్లండ్‌లో నక్కలు, ఎలకలు, బ్యాడ్జర్ అనే బొరియ జంతువుల మీదికి తోలడానికి తయారు చేసినారు. జాక్ రసెల్ అంటే జాన్ రసెల్ అనే పాదిరి, 1795లో పుట్టినాడు, దేవుని సేవ ఎంత చేసినాడో గానీ నక్కల వేట మాత్రం విపరీతంగా చేసినాడు. 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాలోని దగ్గర ట్రంప్ అనే తెల్ల ఆడకుక్కను కొన్నాడు, ఆ సంతతి నుంచే ఈ రకం నిలబడిందంటారు. ఆ కుక్క పని ఏందంటే, నక్క బొరియలో దాక్కుంటే తనూ లోపలికి దూరి, చీకట్లో దాని మొహానికి ఎదురుగా నిలబడి, ఆగకుండా మొరగాలి, నక్క తట్టుకోలేక బయటికి ఉరకాలి, ఉరక్కపోతే మొరుగుడు ఎక్కడి నుంచి వినిపిస్తాందో చూసి పైన మనుషులు అక్కడ తవ్వుకుంటారు.

ఇప్పుడు దీన్ని మనింటికి తెచ్చి చూడండి. తవ్వుతుంది, మొరుగుతుంది, చెప్పిన మాట వినదు అని మనం ఏడ్చే మూడూ ఆ కుక్క ఉద్యోగానికి కావలసిన మూడు క్వాలిఫికేషన్లు. బొరియలో ఉన్నప్పుడు పైనున్న యజమాని మాట దానికి వినపడదు, ముందుకు పోవాల్నా వెనక్కి రావాల్నా అదే తేల్చుకోవాల. అట్లా సొంత బుద్ధితో నడిచే కుక్కల్నే ఏరి ఏరి 200 ఏండ్లు ఈనించినారు. ఆ ఉద్యోగం పోయింది, కుక్క మిగిలింది. లాబ్రడార్ అయితే వేటగాడు కాల్చిన పక్షిని తెచ్చి చేతికియ్యడానికి పుట్టింది, అందుకే మన మొహం చూస్తా ఉంటుంది. టెర్రియర్ గుంత మొహం చూస్తా ఉంటుంది. తేడా అంతే, దాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదు.

(పందికొక్కు సంగతి ఇంకోటి. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన తెలుగు పందికొక్కు నుంచే పోయింది, డిక్షనరీలే చెప్తాయి. అట్లనే రక్తపింజరకు ఇంగ్లీషులో రసెల్స్ వైపర్ అని పేరు, ఆ రసెల్ ఈ పాదిరి కాదు, 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం చేస్తా పాముల మీద పుస్తకం రాసిన ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఈ రెండు రసెళ్లూ ఎదురు పడకుండా చూసుకోవడం మన సీమలో టెర్రియర్ పెంచేవాళ్ల మొదటి డ్యూటీ. టెర్రియర్ పామును చూసి వెనక్కి తగ్గే రకం కాదు. కాటు పడితే పసరు మందులు, కట్లు కట్టడాలు పెట్టుకోకుండా ఎత్తుకుని నేరుగా పశువుల ఆస్పత్రికి పోవడమే. మనుషులకిచ్చే పాలీవేలెంట్ యాంటీవెనమే, అంటే పాము విషానికి విరుగుడు మందే, కుక్కలకూ ఎక్కిస్తారు, ఊర్లో ఎక్కడ స్టాక్ ఉంటుందో ముందే కనుక్కుని పెట్టుకోవాల.)

టెర్రియర్ అనగానే మనోళ్లకు పిట్‌బుల్ గుర్తొస్తుంది, మా వీధిలో ముగ్గురు అడిగినారు "ఇది గవర్నమెంట్ బ్యాన్ చేసిన రకమేనా" అని. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల మీద రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది, దాంట్లో పిట్‌బుల్ టెర్రియర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ పేర్లున్నాయి, జాక్ రసెల్, ఫాక్స్ టెర్రియర్ లాంటి చిన్నవాటి పేర్లు విడిగా లేవు. ఆ సర్క్యులర్‌ని కూడా మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. మీకు బాగా తెలిసిన టెర్రియర్ ఒకటి ఉంది, పాత హెచ్ఎంవీ గ్రామఫోన్ రికార్డుల మీద గొట్టం ముందు చెవి పెట్టి కూర్చున్న కుక్క. దాని పేరు నిప్పర్. 1884లో పుట్టింది, మొదటి యజమాని మార్క్ బరాడ్ 1887లో చనిపోతే ఆయన తమ్ముడు, పెయింటర్ ఫ్రాన్సిస్ తీసుకుని పెంచుకున్నాడు, కుక్క పోయిన తర్వాత బొమ్మేసినాడు. మా నాయన పెట్టెలో ఘంటసాల రికార్డుల మీద ఇన్నేండ్లుగా కూర్చోని ఉండేది, చెప్పాలంటే, పెద్దయినాక ఇల్లు మారిన టెర్రియరే.

రెండోది మా ఇంటామె చెప్పిన మాట, గతం. పెద్ద కుక్కను తెచ్చుకోవడంలో పెద్ద లాభం ఏందంటే అది ఏం కుక్కో మన కళ్లెదురుగానే ఉంటుంది. సైజు తెలుసు, పండ్లు మార్చుకోవడం అయిపోయింది, ఉచ్చకు బయటికి పోవడం చానా వాటికి వచ్చేసి ఉంటుంది. పిల్లను తెస్తే అన్నీ లాటరీ. నష్టం ఏందంటే దాని కథ మనకు చెప్పేవాళ్లుండరు, చెప్పినా సగమే చెప్తారు. మాకు "పిల్లల్తో చానా బాగుంటుంది" అని చెప్పినారు, తీరా చూస్తే పిల్లలు ఉరికితే వెంటబడి మడమలు పట్టుకుంటుంది. అందుకే తెచ్చుకునే ముందు "మంచిదేనా" అని అడిగితే లాభం లేదు, అందరూ మంచిదే అంటారు. ఒంటరిగా ఎన్ని గంటలు ఉంటుంది, అన్నం తినేటప్పుడు దగ్గరికి పోతే ఏం చేస్తుంది, పిల్లిని చూస్తే ఏం చేస్తుంది, చివరిసారి ఎవరిని ఎందుకు కరిచింది, ఇట్లా అడగాల. "ఎప్పుడూ కరవలేదు" అన్నోళ్ల కంటే "ఒకసారి గోర్లు తీస్తాంటే పట్టుకుంది" అన్నోళ్లను నేను జాస్తి నమ్ముతాను. వీలుంటే రెండుసార్లు పోయి చూడండి, ఒకసారి అది ఆడుకునేటప్పుడు, ఒకసారి తిండి టైంలో.

కుక్కలు పెంచేవాళ్లలో మూడు మూళ్ల లెక్క ఒకటుంది, మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. ఇదేమీ సైన్సు కాదు, అందాజు లెక్క, పింకీకి చివరిది ఐదు నెలలు పట్టింది. కానీ ఈ లెక్కతో ఒక మేలుంది, మొదటి వారం మనం చేసే పిచ్చి పనులు ఆగుతాయి. కొత్త కుక్క వచ్చిందని చుట్టాలందర్నీ పిలవడం, రాగానే స్నానం చేయించడం, మెడ పట్టుకుని ఫోటోలు దిగడం, ఇవన్నీ వద్దు. మేం ఏం చేసినామంటే పడసాల మూలలో పాత మంచం కింద దుప్పటేసి, నీళ్ల గిన్నె పెట్టి వదిలేసినాం, అవ్వకు కూడా చెప్పినాం దాని కళ్లలోకి చూడొద్దు, అదే వస్తుందని. రెండు రోజులు అక్కడే ఉంది, మూడో రోజు రాత్రి అందరూ పండుకున్నాక లేచి ఇల్లంతా వాసన చూసుకుంటా తిరిగింది, గోర్ల చప్పుడు బండల మీద టిక్ టిక్ మంటా తెల్లారేదాకా వినిపించింది.

ఒక చిన్న సంగతి దగ్గర్నుంచి చెప్తా, దీంట్లోనే ఈ చిక్కంతా ఉంది. మా అవ్వ పొద్దున్నే పొరక తీసుకుని కసువు ఊడుస్తుంది. పొరక చూస్తే చాలు పింకీ దాని మీదికి ఎగబడేది. మా ఇంటామె "దీన్ని పొరకతో కొట్టినారు, అందుకే" అని కండ్ల నీళ్లు పెట్టుకునింది. నేను రెండు రోజులు పని మానుకుని కూర్చోని చూసినా. పొరక నేల మీద పరపరా కదిలేటప్పుడు ముందరి కాళ్లు కిందికి వంచి, పిర్రలు పైకెత్తి, తోకాడిస్తా ఎగిరేది, అది భయం కాదు, ఆట, పొరక పుల్లలు కదలడం దానికి ఎలక కదిలినట్టే. కానీ ఊడవడం అయిపోయి అవ్వ పొరకను పైకెత్తి గోడకు తట్టి దులిపేటప్పుడు మాత్రం చెవులు వెనక్కి పోయేవి, తోక కాళ్ల మధ్యకు పోయేది, నోరు ఊరికే నాకుకునేది, తల ఒకపక్క తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేట్టు చూసేది. అంటే ఒకే పొరక, నేల మీదుంటే జాతి గుణం, గాల్లోకి లేస్తే పాత దెబ్బ. మొదటిదానికి వేరే ఆట చూపించాల. రెండోదానికి ఓపిక కావాల, పొరకను ఊరికే నేల మీద పడేసి దాని చుట్టూ ఉడకబెట్టిన కోడి ముక్కలు వేసినాం, తర్వాత అవ్వ చేతిలో కదలకుండా, తర్వాత మోకాలి ఎత్తుకు, అట్లా ఆరు వారాలు. బలవంతంగా దగ్గరికి ఈడ్చి "చూడు ఏం కాదు" అని చూపించడం చేసేవాళ్లుంటారు, దాంతో భయం ఇంకా గట్టిపడుతుంది.

గుర్రుమనడం గురించి కూడా ఇక్కడే చెప్పాల. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, నిజమే, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. గుర్రుమంటే అది మనకు ముందు మాట చెప్తాందని అర్థం. ఆగి, వెనక్కి జరిగి, ఏం చేస్తే గుర్రుమనింది అని రాసుకోండి. పింకీ అన్నం గిన్నె దగ్గర గుర్రుమనేది, గిన్నె లాక్కుని "నేనే యజమాని" అని చూపించమని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చినాడు. మేం తిరగేసి చేసినాం, పోయేటప్పుడల్లా ఒక గుడ్డు ముక్క దూరం నుంచి గిన్నెలోకి వేసి నడిచిపోవడం. నెల రోజులకు మనం దగ్గరికి పోతే తోకాడించే స్థితికొచ్చింది. అయినా తినేటప్పుడు పిల్లల్ని అటు పోనీం, అది వేరే సంగతి.

మా తమ్ముడు అన్న మూడో మాట, రోగం. మా ఇంట్లో అందరికంటే ఆలస్యంగా పట్టించుకునింది దీన్నే, పట్టించుకోవాల్సింది అందరికంటే ముందు. ఉన్నట్టుండి గుణం మారిన కుక్కను ముందు డాక్టరుకు చూపించాల, ట్రైనర్ తర్వాత. టెర్రియర్లలో ప్రత్యేకంగా ఒక కంటి జబ్బుంది, మూడు నుంచి ఎనిమిదేండ్ల వయసులో కంటి లెన్సును పట్టుకునే దారాలు తెగిపోయి లెన్సు జారుతుంది, కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. కన్ను ఎర్రగా అయ్యి, నీళ్లు కారి, నీలంగా పొర కమ్మినట్టు ఉంటే "దుమ్ము పడిందిలే" అని చుక్కల మందేసి కూర్చోవద్దు, ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోవచ్చు. మొహం దగ్గర చెయ్యి పెడితే కరవడానికి వచ్చే కుక్క మొండిది కాకపోవచ్చు, కన్నో పన్నో నొప్పి ఉండొచ్చు.

ఇక మన వైపు పెద్ద శత్రువు గోమార్లు, అంటే పిడుదులు. వాటి వల్ల ఎర్లిక్యా, బబీసియా అనే జ్వరాలొస్తాయి, మొదటిదాంట్లో కుక్క నెలల తరబడి బాగున్నట్టే ఉండి లోపల ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి. పింకీ తెచ్చిన నెలకు సంగటి ముట్టడం మానేసింది, మేం ఇల్లు మారిన దిగులు అనుకున్నాం, అంటే రోగాన్ని గతం ఖాతాలో వేసినాం. చిగుర్లు పాలిపోయి కనిపించేసరికి భయమేసి రక్త పరీక్ష చేయిస్తే టిక్ ఫీవర్, అంటే ఈ గోమార్ల జ్వరమే. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడినాం, నాలుగు రోజులకే లేచి తిరిగింది, అయినా కోర్సు పూర్తి చేయాల్సిందే. మొదట చూపించిన ఒక చోట పరీక్ష లేకుండా బలం ఇంజక్షన్ ఒకటి పొడిచి పంపించినారు, వారం పోయింది. అందుకే నా మాట, దత్తత తెచ్చిన వారంలోనే రక్త పరీక్ష, పేడ పరీక్ష చేయించేయండి, పురుగుల మందు వేయించండి. పాత కార్డు లేకుంటే టీకాలు వేయలేదనే లెక్క, రేబిస్‌ది మళ్లీ వేయించాల, ఎలకల నుంచి వచ్చే లెప్టోస్పైరా జబ్బుది రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఆడకుక్క అయితే ఆపరేషన్ అయిందో లేదో తెల్సుకోవాల, కాకుండా ఉంటే గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం వయసుతో పెరుగుతుంది. మనింట్లో జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు, పారాసెటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇలాంటివి సొంతంగా వేస్తే ప్రాణమే పోతుంది. మామూలు డాక్టరు చేతిలో తేలని కేసుకు ప్రొద్దుటూరులో, తిరుపతిలో వెటర్నరీ కాలేజీలున్నాయి, దూరమే, కానీ ఉన్నాయని తెలిసుండాల.

టీకా వేసిన కుక్కే కదా అని దాని పన్ను గీత పడితే కూడా వదిలేయొద్దు, సబ్బు పెట్టి పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి గవర్నమెంట్ ఆస్పత్రికి పోండి, డాక్టరు చెప్తాడు సూదులు కావాల్నా వద్దా.

లెప్టోస్పైరా అని ఎందుకు ప్రత్యేకంగా చెప్పినానంటే మళ్లీ ఆ పందికొక్కు దగ్గరికే వస్తాం. ఎలకల ఉచ్చలో ఆ సూక్ష్మజీవి ఉంటుంది, కుక్క కిడ్నీ, లివర్ పాడుచేస్తుంది, కుక్క నుంచి మనకూ రావచ్చు. దానికంటే భయంకరమైంది ఎలకల మందు. మా నాయన ముప్పై ఏండ్లుగా గోడౌన్‌లో మందు పెట్టిన మనిషి. మార్కెట్లో దొరికేవాటిలో రెండు రకాలు చెప్తా, నల్ల పొడి జింక్ ఫాస్ఫైడ్ ఒకటి, బ్రోమాడియోలోన్ బిళ్లలు ఒకటి. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో ఆమ్లం తగిలితే విష వాయువవుతుంది, విరుగుడు లేదు, తిండి పెడితే ఆమ్లం ఊరి ఇంకా ఎక్కువ పుడుతుంది, కాబట్టి పాలూ పెరుగూ తాపించి టైం పోగొట్టుకోవద్దు, కుక్క వాంతి చేసుకుంటే ఆ గాలి మనకూ చెడే, తలుపులు తెరవాల. బ్రోమాడియోలోన్ వేరే రకం మోసం, తిన్న రోజు ఏమీ కాదు, మూడు నుంచి ఐదు రోజులకు రక్తం గడ్డకట్టే శక్తి పోయి ముక్కులోనో ఛాతీలోనో కారడం మొదలవుతుంది, విటమిన్ కె1 వారాల తరబడి వాడితే బతుకుతుంది. మందు తిన్న ఎలకను తిన్నా కుక్కకు ఎక్కొచ్చు. ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఏమన్నా చేయగలిగేది, కాబట్టి ప్యాకెట్ జేబులో పెట్టుకుని పోవాల.

శెనక్కాయల మాట కూడా చెప్పాల, అనంతపురంలో ఉంటా చెప్పకుంటే ఎట్లా. బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఎందుకని వెతికితే, వాటికి పెట్టిన శెనగచెక్కలో ఇది బయటపడింది. పైరు చివర్లో వాన పడక ఎండిపోతే ఈ బూజు ఇంకా జాస్తి అవుతుంది, మన జిల్లాలో వాన సంగతి కొత్తగా చెప్పేదేముంది. కుక్క లివర్ దీన్ని అస్సలు తట్టుకోదు. మూటల పక్కన రాలిన నల్లకాయలు పింకీ నమిలేది, మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు గోడౌన్ తలుపుకు కింద పలక కొట్టించినాం.

మిగతా తిండికి పెద్ద కథేమీ లేదు. ఏడు కిలోల కుక్కకు రోజుకు 400 నుంచి 500 కేలరీలు చాలు, ఒక్కో బిస్కెట్‌కు 20, 25 కేలరీలు, అంటే టీ టైంలో తలా ఒకటి పడేస్తే నాలుగో వంతు తిండి అక్కడే అయిపోయింది. రాగి సంగటి, అన్నం పెట్టొచ్చు గానీ దాంట్లోకి ఉడికించిన కోడి, గుడ్డు, కొంచెం కూరగాయ కలవాల, ఉత్త సంగటితో పొట్ట నిండుతుంది, బలం రాదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉన్న పులుసు పోయొద్దు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వద్దు, ఉడికిన ఎముకలు వద్దు, పుల్లల్లా చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

నాలుగోది ఇల్లు, అంటే మా నాయన మాట. చల్లని దేశపు కుక్క ఇది, ఎండాకాలం మనకు 40 దాటుతుంది. కుక్కకు మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలర్. కడప బండ ఇంట్లో ఉంటే దానికంటే సుఖం లేదు, పొట్ట ఆనించి పండుకుంటుంది, అదే బండ మిద్దె మీద మధ్యాహ్నం ఎండలో ఉంటే పెనమే. అరచెయ్యి వెనకభాగం ఐదారు సెకన్లు నేల మీద పెట్టి ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదని లెక్క. మార్చి నుంచి జూన్ దాకా మా నడక తెల్లవారి ఐదున్నరకు, మళ్లీ చీకటి పడినాక. టెర్రియర్‌తో చిక్కేందంటే అది అలిసిపోయినా ఆగదు, బాలు వేస్తే పడిపోయేదాకా తెస్తుంది, ఆపాల్సింది మనం. రొప్పుతా తూలితే, చొంగ గట్టిగా కారితే, నీడకు తెచ్చి మామూలు నీళ్లు ఒంటి మీద పోసి ఫ్యాన్ పెట్టి, అట్లే తడిపి ఉంచుకుంటానే ఆస్పత్రికి తీసుకుపోవాల.

పని లేని టెర్రియర్ పని కల్పించుకుంటుంది, తులసికోట తవ్వుతుంది, గ్యాస్ సిలిండర్ అబ్బాయిని వీధి చివర్దాకా తరుముతుంది. అరగంట నడిపిస్తే కాళ్లు అలుస్తాయి గానీ ముక్కు, బుర్ర అలవవు. మేం చేసినవి ఖర్చులేనివి. పాత గోనెసంచిని మడతలు మడతలుగా చుట్టి లోపల దాని పొద్దుటి తిండిలో సగం దాస్తాం, వెతుక్కుని తినడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, తర్వాత గంట నిద్ర. మిద్దె వెనక ఇటుకలు పేర్చి ఒక బండి ఇసుక పోయించినాం, బొమ్మలు పూడ్చి పెడతాం, అక్కడ తవ్వితే మెచ్చుకోలు, తులసికోట దగ్గర తవ్వితే ఎత్తుకొచ్చి మళ్లీ ఇసుకలో దింపడం. వెదురు కట్టెకు తాడు, తాడు చివర పాత టవల్ ముక్క, అది దాని నక్క. తరుముతుంది, పట్టుకుంటుంది, గుంజుతుంది, "వదులు" అంటే వదలడం కూడా దీంట్లోనే నేర్చుకునింది. గేటు బయట మాత్రం తాడు విప్పేది లేదు, పది మీటర్ల పొడుగు తాడు కొన్నాం, ఎంత పిలిస్తే వచ్చే టెర్రియర్ అయినా ఉడుత కనిపిస్తే చెవులు మూసుకుపోతాయి.

ఇవన్నీ విని మీకు వద్దనిపిస్తే వద్దనుకోవడమే మంచిది, ఇంట్లో తెల్ల ఎలకలో కుందేళ్లో ఉన్నా, పొద్దున పోయి రాత్రికొచ్చే ఉద్యోగాలైనా, చిన్న పిల్లలున్నా ఇంకో కుక్కను చూసుకోండి, మన వీధి కుక్కల్లోనే బంగారం లాంటివున్నాయి. తెచ్చి వదిలేయడం మాత్రం నేరం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఆకలికి, దప్పికకు మాడేట్టు జంతువును వదిలేయడం కూడా ఉంది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు, ఆ యాభై వినే జనం నవ్వుతారు.

మా ఇంట్లో పంచాయితీ ఎట్లా తేలిందంటే, మా నాయన మందు పెట్టడం మానేసి ఇనప బోన్లు కొన్నాడు. గోడౌన్‌లోకి పింకీని ఒంటరిగా వదలం, ఆదివారం సాయంత్రం మెడకు తాడేసి ఆయనే తీసుకుపోతాడు. మూటల సందులో వాసన చూసుకుంటా పోయి ఒక చోట ఆగుతుంది, ముందరి కాలు ఒకటి పైకెత్తి, తోక నిక్కబొడిచి, ఒళ్లంతా సన్నగా వణుకుతుంది. మా నాయన సుద్దముక్కతో అక్కడ గుర్తేసి, తాడు లాగి, జేబులోంచి గుడ్డు ముక్క తీసిచ్చి, రాత్రికి అక్కడ బోను పెడతాడు. పోయిన వారం ఐదు గుర్తులేసినాడు, నాలుగు బోన్లలో పడినాయి. ఐదో చోట ఏమీ లేదు, మా తమ్ముడు కుక్క తప్పు చెప్పిందన్నాడు. మా నాయన మూట జరిపి చూపించినాడు, వెనక గోడకు కొత్త బొక్క.